ఇసుకలో ఎక్కాలు, తెరమీద ఎక్కాలు

"రెండు రెళ్ళ నాలుగు" అనే మాటని ఒక్కసారి విడిగా పట్టుకుని చూడండి. ఆ 'రెళ్ళ' అన్న రూపం మన రోజువారీ మాటల్లో ఎక్కడా తగలదు. మూళ్ళ, ఆర్ల, ఏళ్ళ కూడా అంతే. ఇవి ఎక్కాల్లోనే పుట్టి ఎక్కాల్లోనే బతుకుతున్నాయి. 1986లో జంధ్యాల ఒక సినిమాకి 'రెండు రెళ్ళు ఆరు' అని పేరు పెడితే జనం పోస్టర్ చూసే నవ్వుకున్నారంటే కారణం, తెలుగు చదువుకున్న ప్రతి బుర్రలోనూ ఆ ఎక్కం అప్పటికే అచ్చయి ఉండటం. ఇవాళ తిరుపతిలో ఏ వీధిలోనైనా సాయంత్రం నడిస్తే వినిపించేది "టూ టూజా ఫోర్". అది మొదట "టూ టూస్ ఆర్ ఫోర్". వందల నోళ్ళలో నలిగి 'టూజా' అయింది. మీడియం మారింది గానీ నలిగే పద్ధతి మారలేదు.

ఈ వ్యాసం ఎక్కాల గురించి. ఇంకొంచెం కచ్చితంగా చెప్పాలంటే, ఎక్కాల్ని పిల్లల బుర్రకి ఎక్కించడానికి మనుషులు తయారుచేసుకున్న పనిముట్ల గురించి. ఫోన్‌లో ఆప్, వెబ్‌సైట్‌లో క్విజ్, నక్షత్రాలు, టైమర్ అన్నీ నిన్నమొన్నటివే అనుకుంటాం. సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసేవాడిగా నాకూ ఆ గర్వం కొంచెం ఉంటుంది. కానీ చరిత్రలోకి వెళితే ఒక్కొక్క ఫీచరూ పాత చిరునామాతో దొరుకుతుంది. అందులో రెండు చిరునామాలు రాయలసీమవే. ఒకటి బళ్ళారి కలెక్టరు పంపిన ఒక నివేదికలో ఉంది, ఇంకోటి మదనపల్లె దగ్గర లోయలో ఉంది.

ముందు అసలు ఎక్కం ఎందుకన్నది తేల్చుకోవాలి. "ఫోన్‌లోనే కాలిక్యులేటర్ ఉందిగా, ఈ బట్టీ ఎందుకు?" అని నా తోటి ఇంజనీర్లే అడుగుతుంటారు. 47ని 8తో గుణించాలనుకోండి. ఎనిమిదేళ్ళ యాభై ఆరు, ఆరు వేసి ఐదు చేతిలో పెట్టుకుంటాం. ఎనిమిది నాలుగుల ముప్ఫై రెండు, చేతిలో ఐదు కలిపితే ముప్ఫై ఏడు. మొత్తం 376. ఎనిమిదేళ్ళెంతో వేళ్ళమీద లెక్కపెట్టాల్సిన పిల్ల, ఆ లెక్క ముగిసేసరికి చేతిలో ఎంత ఉందో మర్చిపోతుంది. ఆ పిల్లకి గుణకారం అర్థం కాలేదని కాదు. ఒకేసారి మనసులో పట్టుకోగలిగిన వాటికి ఒక హద్దు ఉంది. మనస్తత్వవేత్త జార్జ్ మిల్లర్ 1956లో రాసిన ప్రసిద్ధమైన వ్యాసం దాని మీదే. చిన్న లెక్క ఆ చోటంతా ఆక్రమిస్తే పెద్ద లెక్కకి నిలబడే చోటు ఉండదు. మా భాషలో చెప్పాలంటే ఎక్కం ఒక క్యాష్. ప్రతిసారీ మొదటినుంచీ లెక్కకట్టకుండా, తయారుగా పెట్టుకున్న జవాబు.

అయితే ఎక్కం వచ్చు అనడంలో రెండు రకాలున్నాయి. ఏడో ఎక్కం మొత్తం గడగడా అప్పజెప్పే పిల్లాడిని మధ్యలో ఆపి "ఏడు ఎనిమిదుల?" అని అడగండి. చాలామంది కళ్ళు పైకెత్తి, పెదాలు కదుపుతూ ఏడొకట్ల ఏడు నుంచి మొదలుపెడతారు. వాడికి ఎక్కం పాటలాగా వచ్చు, లెక్కలాగా ఇంకా రాలేదు. ప్రోగ్రామింగ్ తెలిసినవాళ్ళు దీన్ని లింక్డ్ లిస్టుకీ హ్యాష్ టేబుల్‌కీ ఉన్న తేడా అనుకోవచ్చు. పాట చెడ్డదని కాదు, అది మొదటి మెట్టు. రెండో మెట్టుకి వేరే సాధన కావాలి. వరస చెడగొట్టి, కలగాపులగంగా అడిగే సాధన. ఆన్‌లైన్ ప్రాక్టీసు పనిముట్లకి నిజమైన పని ఉన్నది ఈ రెండో మెట్టు దగ్గరే.

మరి ఈ పని ఎంత పెద్దది? ఒకటి నుంచి పది దాకా ఎక్కాలంటే వంద వాక్యాలు. మూడు నాలుగుల, నాలుగు మూళ్ళ ఒకటేనని తెలిస్తే అవి 55 అవుతాయి. ఒకటినీ పదినీ ఎవరూ విడిగా నేర్చుకోరు, తీసేస్తే 36. రెండంటే రెట్టింపు, ఐదంటే గడియారంలో నిమిషాల ముల్లు. అవీ తీసేస్తే మిగిలేవి 21. మూడు, నాలుగు, ఆరు, ఏడు, ఎనిమిది, తొమ్మిది తమలో తాము గుణించుకునేవి మాత్రమే. లక్షల మంది పిల్లలు మూడో తరగతిలో భయపడి, ఆరో తరగతిలో భిన్నాల దగ్గర చతికిలపడి, పదో తరగతిలో "నాకు లెక్కలు రావు" అని తమకి తామే తీర్పు చెప్పుకుంటారు. దాని వెనక ఉన్నది చాలాసార్లు ఈ 21 వాక్యాలే. 2024 అసర్ సర్వే ప్రకారం దేశంలో గ్రామీణ ప్రాంతాల ఐదో తరగతి పిల్లల్లో భాగహారం చేయగలిగినవాళ్ళు 30.7 శాతం. ఎక్కం లేకుండా భాగహారం లేదు.

ఇక చరిత్రలోకి.

తెలుగులో లెక్కలు రాయడం కొత్తేమీ కాదు. మహావీరాచార్యుడు 9వ శతాబ్దంలో సంస్కృతంలో రాసిన గణితసారసంగ్రహాన్ని పావులూరి మల్లన తెలుగు పద్యాల్లోకి తెచ్చాడు. మన తొలి శాస్త్రగ్రంథాల్లో అదొకటి. కానీ అది పండితుల లెక్క. పిల్లల లెక్క వీధి అరుగుల మీద సాగింది, దాన్ని పుస్తకంలో పెట్టాలని ఎవరికీ తోచలేదు. అందుకే వీధిబడి గురించి వివరంగా తెలుసుకోవాలంటే మనం ఒక తెల్లదొర కాగితాల దగ్గరికి వెళ్ళాలి.

థామస్ మన్రో 1800 నుంచి 1807 దాకా దత్తమండలాల కలెక్టరు. తిరుమల గుడిలో నైవేద్యపు గంగాళానికి ఆయన పేరు ఇప్పటికీ నిలిచే ఉంది. మద్రాసు గవర్నరయ్యాక 1822 జూన్ 25న, రాజధానిలోని బడులెన్ని, పిల్లలెందరు, ఏం నేర్చుకుంటున్నారు అని ప్రతి కలెక్టరునీ లెక్క పంపమన్నాడు. చిత్తూరు అప్పట్లో ఉత్తర ఆర్కాటు జిల్లాలోది, మదనపల్లె కడప జిల్లాలోది. చిత్తూరు జిల్లా ఏర్పడింది 1911లోనే. చాలామంది కలెక్టర్లు అంకెలు నింపి పంపేశారు. బళ్ళారి కలెక్టరు ఎ.డి. క్యాంబెల్ మాత్రం 1823 ఆగస్టులో, బడి లోపల రోజంతా ఏం జరుగుతుందో రాసి పంపాడు. అప్పటి బళ్ళారి అంటే నేటి అనంతపురం ప్రాంతమూ అందులో భాగమే. 9 లక్షల 27 వేల పైచిలుకు జనాభాకి 533 బడులు, 6,641 మంది పిల్లలు. బడికి సుమారు పన్నెండు మంది.

ఆ నివేదికలో నన్ను మొదట ఆపేసింది హాజరు పద్ధతి. పొద్దున్నే బడికి అందరికంటే ముందొచ్చినవాడి అరచేతిలో గౌరవంగా సరస్వతి పేరు రాసేవారట. రెండోవాడి చేతిలో సున్నా, అంటే పొగడ్తా లేదు, తిట్టూ లేదు. మూడోవాడికి మెల్లగా ఒక దెబ్బ, నాలుగోవాడికి రెండు, అట్లా వచ్చేకొద్దీ ఒక్కొక్కటి పెరుగుతూ పోతుంది. లీడర్‌బోర్డు అంటే ఇదేగా! ఆప్‌లో వరసగా ఏడు రోజులు వస్తే నిప్పు బొమ్మ వెలగడం, ఒకరోజు మానేస్తే అది ఆరిపోయి ఏడుపుమొహం రావడం, ఈ ఆలోచనకి వయసు కనీసం రెండు వందల ఏళ్ళు. బెత్తం ఒక్కటే పోయింది. సోమరులకి రెండు చేతులూ కట్టి దూలానికి వేలాడదీసే శిక్ష కూడా క్యాంబెల్ రాశాడు. మన పెద్దవాళ్ళ నోట 'కోదండం' అని విన్నది అదే. పాత బడిని తలుచుకుని మురిసిపోయేవాళ్ళు ఆ పేరాని కూడా చదవాలి.

రెండోది ఇసుక. పిల్లలు మొదట నేలమీద పోసిన ఇసుకలో వేలితో రాసేవారు. తప్పైతే అరచేత్తో చెరిపేయడమే. ఖర్చు లేదు, గుర్తు మిగలదు. మూడోది, పెద్ద పిల్లలు చిన్న పిల్లలకి చెప్పడం. కొంచెం ముందున్నవాడు ఇంకొంచెం వెనకున్నవాడికి నేర్పుతూ, ఆ నేర్పడంలో తనకొచ్చింది గట్టిపరుచుకుంటాడు. క్యాంబెల్ దీన్ని బాగా మెచ్చుకున్నాడు, ఇంగ్లండు దీన్ని అనుకరించడం సబబేనన్నాడు. ఆ అనుకరణ నిజంగానే జరిగింది. మద్రాసు ఎగ్మూరులో అనాథ బాలుర శరణాలయం నడిపిన ఆండ్రూ బెల్, ఇక్కడి పిల్లలు ఇసుకలో రాసుకోవడం చూసి దాన్ని తన బడిలో పెట్టి, పిల్లల చేత పిల్లలకి చెప్పించే పద్ధతితో కలిపి 1797లో లండన్‌లో పుస్తకం వేశాడు. ఇంగ్లండులో వేల బడులు 'మద్రాసు పద్ధతి' అనే పేరుతో నడిచాయి.

అదే క్యాంబెల్ ఇంకో మాట కూడా అన్నాడు. పిల్లలు చిలకల్లాగా కంఠస్థం చేస్తున్నారు, అర్థం తెలియదు అని. ఆయన ముఖ్యంగా అన్నది పాతకాలపు కావ్యభాష చదవడం గురించి. కానీ ఎక్కాల మీద ఇప్పటికీ తెగని గొడవ కూడా సరిగ్గా ఇదే. కంఠస్థమా, అర్థమా? రెండు శతాబ్దాలుగా ఒక తరం అటు లాగితే ఇంకో తరం ఇటు లాగుతోంది.

ఇంకో విషయం మర్చిపోకూడదు, ఆ అరుగు మీద ఎవరు కూర్చున్నారు? మన్రో లెక్కల్లో పిల్లల కులాల వివరాలున్నాయి. వాటిని 1983లో ధరంపాల్ 'ది బ్యూటిఫుల్ ట్రీ' పేరుతో పుస్తకంగా తెచ్చాడు. తమిళ జిల్లాలతో పోలిస్తే తెలుగు జిల్లాల బడుల్లో పై కులాల పిల్లల వాటా ఎక్కువ. ఆడపిల్లలు వేళ్ళమీద లెక్కపెట్టేంత మంది. ఊరి చివరి కులాల పిల్లలు దాదాపు లేరు. ఎక్కం వచ్చినవాళ్ళు కరణమూ, కోమటీ. రానివాళ్ళు పత్రం మీద వేలిముద్ర వేసినవాళ్ళు. వడ్డీ ఎంతయిందో వాళ్ళు చెప్తే వీళ్ళు నమ్మాలి. కాబట్టి 21 వాక్యాలు అని నేను తేలిగ్గా అన్నది ఒకప్పుడు భూమి నిలబడటానికీ, పోవడానికీ మధ్య తేడా. ఎక్కాల్ని "ఉత్త బట్టీ" అని కొట్టిపారేసేవాళ్ళు చాలావరకు అవి ఇంట్లో ఉచితంగా దొరికినవాళ్ళే.

మా తాత చిత్తూరు బెల్లం మండీలో గుమాస్తాగా చేశాడు. ఆయన తరానికి ఎక్కాలంటే మనవి మాత్రమే కాదు. కాలు, వీసం, కాని వంటి భిన్నాలకి కూడా ఎక్కాలుండేవి. కాలంటే నాలుగో వంతు, వీసమంటే పదహారో వంతు, కానియంటే అరవైనాలుగో వంతు. నాలుగు, నాలుగు నాలుగుల, మళ్ళీ నాలుగింతలు, అన్నీ నాలుగు మెట్లే. రూపాయికి పదహారు అణాలున్న లోకానికి అతికినట్టు సరిపోయే లెక్క. 1957 ఏప్రిల్ 1న రూపాయికి వంద నయాపైసలొచ్చాయి, వెనకే కిలోలొచ్చాయి. సంతలో పనిలేని ఎక్కం ఒక తరంలో నోళ్ళలోంచి పోయింది. 2008లో యూనికోడ్ 5.1 వెర్షన్‌లో తెలుగు భిన్నాంకెల గుర్తులకి కోడ్ సంఖ్యలిచ్చారు. ఇప్పుడు ఏ కంప్యూటర్లోనైనా వాటిని రాయొచ్చు, చదవగలిగేవాళ్ళే లేరు. నాకు దీనివల్ల తెలిసిందేమిటంటే, ఎక్కాన్ని బతికించేది బడి ఒక్కటే కాదు, బజారు కూడా.

ఇక యంత్రాలు. 1953లో హార్వర్డు మనస్తత్వవేత్త బి.ఎఫ్. స్కిన్నర్ తన కూతురి లెక్కల తరగతి చూడ్డానికి వెళ్ళాడు. పిల్లలందరూ లెక్కలు చేస్తున్నారు, తప్పో ఒప్పో వాళ్ళకి ఎప్పటికో గానీ తెలియదు. ముందు చేసినవాళ్ళు ఊరికే కూర్చున్నారు, రానివాళ్ళు ఊరికే చెమటలు పట్టారు. ఆయన ఇంటికెళ్ళి ఒక పెట్టె తయారుచేయడం మొదలుపెట్టాడు. లెక్క కనిపిస్తుంది, జవాబు తిప్పితే ఒప్పయితేనే ముందుకు కదులుతుంది. 1965లో స్టాన్‌ఫర్డ్‌లో పాట్రిక్ సప్పెస్ ఇంకో అడుగు వేశాడు. బడిలో టెలిటైపు యంత్రం పెట్టి, టెలిఫోను తీగమీదుగా విశ్వవిద్యాలయం కంప్యూటరుకి కలిపి, నాలుగో తరగతి పిల్లలకి రోజూ లెక్కల సాధన ఇచ్చాడు. లెక్కలు కష్టాన్ని బట్టి మెట్లుగా ఉండేవి. నిన్న ఎన్ని ఒప్పయ్యాయో చూసి ఇవాళ ఏ మెట్టు ఇవ్వాలో కంప్యూటరు తేల్చేది. ఇవాళ్టి 'అడాప్టివ్' ఆప్‌ల గుండెకాయ అదే. తీగ పోయి వైఫై వచ్చింది, అంతే.

ఇప్పుడు మన లోయకి రండి. మదనపల్లెలో పుట్టిన జిడ్డు కృష్ణమూర్తి పేరుతో లోకానికి తెలిసిన రిషీవ్యాలీ బడి పక్కనే, చుట్టుపక్కల పల్లెల పిల్లల కోసం ఒక గ్రామీణ విద్యాకేంద్రం ఉంది. 1980ల్లో అక్కడ రమ, పద్మనాభరావు దంపతులు ఒక చిక్కుతో కుస్తీపట్టారు. పల్లెలో ఒకే గది, ఒకే టీచరు, ఐదు తరగతులు. వేరుశెనగ పీకే రోజుల్లో, ఆవుల వెంట వెళ్ళే రోజుల్లో పిల్లలు బడికి రారు. వారం తర్వాత వచ్చిన పిల్లకి పాఠం దాటిపోయి ఉంటుంది, ఇక ఎప్పటికీ అందదు.

వాళ్ళు పాఠ్యపుస్తకాన్ని విప్పి ముక్కలు చేశారు. ఒక్కో చిన్న పనికి ఒక్కో కార్డు. కార్డు మీద ఒక బొమ్మ గుర్తు, ఒక అంకె. గోడమీద ఒక నిచ్చెన పటం, అందులో కార్డులన్నీ వరసగా. ప్రతి విషయానికీ ఐదు రకాల కార్డులు: కొత్తగా పరిచయం చేసేవి, సాధన చేయించేవి, వచ్చిందో లేదో చూసేవి, రాకపోతే మళ్ళీ ఇంకో దారిలో చెప్పేవి, వచ్చేస్తే ఇంకాస్త ముందుకు తీసుకెళ్ళేవి. పిల్ల తన నిచ్చెన మీద తనెక్కడుందో తనే చూసుకుని, తన కార్డు తనే తీసుకుంటుంది. వారం మానేసి వచ్చినా ఆగినచోటే మొదలు. కొందరు టీచరు దగ్గర, కొందరు తోటిపిల్లల సాయంతో, కొందరు ఒంటరిగా కూర్చుంటారు. 'స్కూల్ ఇన్ ఎ బాక్స్' అని దానికి పేరొచ్చింది. 1995లో కర్ణాటకలో హెచ్.డి. కోటె దగ్గర మొదలైన 'నలి కలి'కీ, 2003లో చెన్నై కార్పొరేషన్ బడుల్లో మొదలై తర్వాత తమిళనాడంతా పాకిన పద్ధతికీ విత్తనం ఇక్కడిదే.

సాఫ్ట్‌వేర్ కళ్ళతో చూస్తే ఆ నిచ్చెన ఒక ఫ్లోచార్టు. పరీక్ష కార్డు దగ్గర ఇఫ్, ఎల్స్. పిల్ల స్థితిని దాచుకునే డేటాబేసు గోడమీదే ఉంది. కరెంటు అక్కర్లేదు, సిగ్నల్ అక్కర్లేదు. సప్పెస్‌కి విశ్వవిద్యాలయపు కంప్యూటరు కావలసివచ్చిన పనిని అట్టముక్కలు చేశాయి. ఇంకో ముఖ్యమైన తేడా ఉంది. కంప్యూటరు పిల్లకి మెట్టు కేటాయిస్తుంది, ఇక్కడ పిల్ల నిచ్చెన మొత్తాన్ని కళ్ళారా చూస్తుంది. తనెంత దూరం వచ్చిందో, ఎంత మిగిలిందో తనకి తెలుసు. పిల్లల్ని ఒకరితో ఒకర్ని పోల్చడాన్నీ, బహుమానంతో భయంతో చదివించడాన్నీ కృష్ణమూర్తి జీవితాంతం వ్యతిరేకించాడు. ఆ పక్కనే పుట్టిన నిచ్చెనలో మొదటి ర్యాంకుకి చోటు లేకపోవడం కాకతాళీయం అనుకోను.

ఇక ఇవాళ్టి తెర. తిరుపతిలో మా అక్క కూతురు మూడో తరగతి. బడివాళ్ళు చెప్పిన ఒక ఆప్‌లో రోజూ ఎక్కాలు చేయాలి. సెలవులకి వెళ్ళినప్పుడు పక్కన కూర్చుని చూశాను. ఏడు ఎనిమిదుల దగ్గర పాప పెదాలు కదిపింది, వేలు యాభై ఆరు వైపు వెళ్తోంది, ఈలోపు ఎర్రరంగు వచ్చేసింది. "తెలీక కాదు మామా, అది ఆగలా" అంది. మళ్ళీ వచ్చిన లెక్కకి ఆలోచించకుండా ఏదో ఒకటి నొక్కేసింది. టైమర్ నేర్పింది అదీ. తెలిసింది చెప్పడం కాదు, ఏదో ఒకటి చెప్పేయడం. మా అక్క "ఫోన్ లాక్కుంటే ఏడుస్తుంది, ఇస్తే ఇట్లా" అని నావైపు చూసింది, ఆ ఆప్ నేనే రాసినట్టు.

వేగానికి విలువ లేదని కాదు. ఇంగ్లండులో 2022 నుంచి నాలుగో సంవత్సరం పిల్లలందరికీ కంప్యూటర్ మీద ఎక్కాల పరీక్ష తప్పనిసరి. 25 ప్రశ్నలు, ఒక్కోదానికి ఆరు సెకన్లు, మధ్యలో మూడు సెకన్ల విరామం. ఆరు సెకన్లంటే వేళ్ళమీద లెక్కపెట్టడానికి చాలదు, గుర్తుతెచ్చుకోవడానికి చాలు. ఎవరో కూర్చుని ఆలోచించి పెట్టిన అంకె అది. కానీ అది నేర్చుకోవడం అయిపోయాక వచ్చే కొలత. నేర్చుకుంటున్నప్పుడే దాన్ని నెత్తిన పెడితే, భయం కూడా మనసులో చోటు అడుగుతుంది. చేతిలో ఐదు పెట్టుకోవాల్సిన చోటే భయం వచ్చి కూర్చుంటుంది.

ఇంకో విషయం నా వృత్తికి సంబంధించింది. ఏడు ఎనిమిదుల ఎంత అంటే 54 అన్న పిల్లకి ఆరు తొమ్మిదులు అడ్డొచ్చాయి. 49 అన్నవాడు ఒక మెట్టు కింద ఆగాడు. 15 అన్నవాడు గుణించలేదు, కలిపాడు. వాడికి గుణకారం అంటే ఏమిటో మళ్ళీ చెప్పాలి. మంచి టీచరు ఈ మూడు తప్పుల్నీ మూడు రకాలుగా వింటుంది. చాలా ఆప్‌లకి మూడూ ఒకే ఎరుపు. ఇది సాంకేతికంగా కష్టమేమీ కాదు, పది లైన్ల కోడు. రాయకపోవడానికి కారణం, ఆ పది లైన్లకి ముందు తరగతి గదిలో కొన్నాళ్ళు కూర్చోవాలి. నిప్పు బొమ్మకైతే అక్కర్లేదు.

కూర్చున్నవాళ్ళ ఫలితం కూడా ఉంది. ఢిల్లీలో 'మైండ్‌స్పార్క్' అనే సాఫ్ట్‌వేర్ మీద కార్తీక్ మురళీధరన్, అభిజీత్ సింగ్, అలెహాంద్రో గనిమియన్ చేసిన అధ్యయనం 2019లో వచ్చింది. 619 మంది పిల్లలు, నాలుగున్నర నెలలు. లాటరీలో అవకాశం వచ్చినవాళ్ళు లెక్కల్లో రానివాళ్ళకంటే 0.37 ప్రామాణిక విచలనం ముందుకెళ్ళారు, విద్యారంగంలో ఇది చాలా పెద్ద అంకె. ఆ సాఫ్ట్‌వేర్ పిల్ల ఏ తరగతిలో ఉందని కాదు, నిజంగా ఎక్కడుందని చూసి అక్కడినుంచి మొదలుపెట్టింది, ఏ తరహా తప్పో కూడా గమనించింది. అయితే ఆ సెంటర్లలో తెరముందు ఎంతసేపో, ఒక మనిషి దగ్గర చిన్న గుంపుగా కూర్చోవడం కూడా అంతసేపు. ఆ మనిషిని వదిలేసి అంకెని మాత్రం బ్రోషర్లో వేసుకోవడం సులువు. మన రాష్ట్రంలో 2022 డిసెంబరులో ఎనిమిదో తరగతి పిల్లలకి లక్షల టాబ్‌లు పంచారు. ఎక్కాలు తప్పిపోయేది మూడో తరగతిలో, తెర అందింది ఎనిమిదిలో.

మరి బజారు? 2025లో 'నేచర్' పత్రికలో అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ డఫ్లో బృందం ఒక పరిశోధన వేసింది. కోల్‌కతా, ఢిల్లీ సంతల్లో కూరలమ్మే పిల్లలు చిల్లర లెక్కలు నోటితో టకటకా చేసేస్తున్నారు, అదే లెక్కని బడి రూపంలో కాగితమ్మీద ఇస్తే ఆగిపోతున్నారు. బడికి మాత్రమే వెళ్ళే పిల్లలు కాగితమ్మీద చేస్తారు, సంతలో తడబడతారు. మదనపల్లె టమోటా మార్కెట్ చూసినవాళ్ళకి ఇది వింతగా ఉండదు. బాక్సు ధర, బాక్సులెన్ని, కమిషన్ ఎంత అని అక్కడ గాల్లోనే లెక్కలు తేలిపోతాయి. రెండు లెక్కల మధ్య వంతెన వేసే ఆప్ నాకింతవరకు కనబడలేదు. అన్నింట్లోనూ పిజ్జా ముక్కలే, కప్‌కేకులే.

ఇంత చెప్పాక "మరి పిల్లకి ఏం ఇవ్వమంటావు?" అని మా అక్క అడిగినట్టే మీరూ అడగొచ్చు. టైమర్ ఆపేసే వీలున్నది చూడండి. వచ్చిన లెక్కని మర్నాడు, నాలుగు రోజుల తర్వాత, పదిరోజుల తర్వాత మళ్ళీ అడిగేది చూడండి. మర్చిపోవడం మొదట్లో ఎంత వేగంగా జరుగుతుందో ఎబింగ్‌హౌస్ 1885లోనే చూపించాడు, మరపు మొదలయ్యే చోట మళ్ళీ అడిగితేనే నిలుస్తుంది. రోజుకి పది నిమిషాలు చాలు. జవాబు నొక్కేముందు నోటితో పైకి అనమనండి, తెలుగులోనో ఇంగ్లీషులోనో. ఫోన్ లేకపోతే 21 అట్టముక్కలు కత్తిరించి ఐదు డబ్బాలు పెట్టండి. ఒప్పు చెప్పిన ముక్క తర్వాతి డబ్బాలోకి, తప్పు చెప్పినది మొదటి డబ్బాలోకి. మొదటి డబ్బా రోజూ, చివరిది నెలకోసారి. 1972లో సెబాస్టియన్ లైట్నర్ అనే జర్మన్ రచయిత ప్రచారంలోకి తెచ్చిన పద్ధతి ఇది. చాలా ఆప్‌లు దీన్నే కోడుగా రాసుకుని నెలకింత అని వసూలు చేస్తున్నాయి.

మా అక్క పాత బిల్లుబుక్కు అట్ట కత్తిరించి ముక్కలు చేసింది. పాప ఆప్ కూడా చేస్తోంది, బడివాళ్ళు అడుగుతారు కాబట్టి.

నన్ను ఇప్పటికీ వదలనిది ఇసుక. ఇసుకలో రాసిన తప్పు చెయ్యి అడ్డంగా కదిలిస్తే పోయేది. రేపటికి ఎవరికీ తెలియదు. నిచ్చెన పటం మీద పిల్ల ఉన్నచోటు కనబడేది, పడిపోయిన చోట్లు కనబడేవి కావు. ఆప్‌లో ప్రతి తప్పూ, ప్రతి తటపటాయింపూ సెకన్లతో సహా ఎక్కడో ఒక సర్వర్లో నిలిచే ఉంటాయి. ఎనిమిదేళ్ళ పిల్ల ఏడు ఎనిమిదుల దగ్గర ఎన్నిసార్లు తడబడిందన్నది ఎవరికి కావాలి, ఎంతకాలం కావాలి? 2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం 18 ఏళ్ళలోపువాళ్ళ సమాచారానికి తల్లిదండ్రుల అనుమతి కావాలంటోంది. అనుమతి అంటే మనకి తెలుసు, చదవకుండా నొక్కే ఒక బటన్. ఒకప్పుడు లెక్క తెలియనివాళ్ళు చదవకుండా వేసిన వేలిముద్రకీ దీనికీ ఎంత దూరమో నాకు అంత తేలిగ్గా తేలడం లేదు. పిల్లలకి ఎక్కాలు నేర్పేవాళ్ళం, ఆ లెక్క కూడా అడిగి తీసుకోవాలి.